బిడ్డ నోట రెండు భాషలు

(నల్లగొండలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడిన సభలో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మలు లోపలికి రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోండి. అల్లరి చేసినా ఫరవాలేదు, మనం మాట్లాడుకోబోయేది వాళ్ల గురించే కదా.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీలో ఒక్క భాష మాత్రమే వచ్చినవాళ్లు చేయి ఎత్తండి. ఒకరు, ఇద్దరు... ఐదారుగురు ఉన్నారు. సరే. పెద్దాయనా, మీకు తెలుగు ఒక్కటేనా? మరి లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సులో గాజుల దుకాణం ముందు బేరం ఏ భాషలో చేస్తారు? అదిగో, నవ్వుతున్నారు. ఆ ఉర్దూ రెండో భాష కాదా? మనం దాన్ని లెక్కలో వేసుకోం. రాయడం రాకపోతే ఆ భాష రానట్టే అనుకుంటాం. ఇంగ్లీషు వస్తేనే రెండో భాష వచ్చినట్టు అనుకుంటాం. దేవరకొండ తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు. నారాయణపేట, మక్తల్ వైపు తెలుగు, కన్నడ రెండూ నడుస్తాయి. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు కూలికి వెళ్లి వచ్చినవాళ్లు హిందీ మాట్లాడతారు, మరాఠీ మాట్లాడతారు. వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ వాళ్లు రెండు భాషలవాళ్లు, మూడు భాషలవాళ్లు.

ఇక నా సంగతి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ని. ఇంగ్లీషు వద్దని చెప్పడానికి ఇక్కడికి రాలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ‘తెలుగు’ అనగానే కొందరు తల్లుల మొహాలు వాడిపోవడం నేను చూశాను. బర్రెను అమ్మి ఫీజు కట్టిన తల్లి దగ్గరికి వెళ్లి ఇంగ్లీషు ఎందుకమ్మా అని అడిగే హక్కు నాకు లేదు. నేను చెప్పదలచుకున్నది వేరే. రెండు భాషలు కలిసి బిడ్డకు ఏ హానీ చేయవు. ఒక భాష ఇంకా రాకముందే ఇంకో భాషను లాగేసుకుంటాం చూడండి, హాని అక్కడ జరుగుతుంది. ఆ ఒక్క సంగతి మీ ముందు పెట్టి పోదామని వచ్చాను.

ఒక పాపను చెబుతాను. దేవరకొండ వైపు నేను పనిచేసిన బడిలో ఒకటో తరగతిలో చేరింది. తండా నుంచి రోజూ నడిచి వచ్చేది. మొదటి రెండు నెలలు నోరు విప్పలేదు. రిజిస్టరులో ‘వెనకబడింది’ అని రాసేశాం. ఆ మాట రాసింది నేనే, ఇంకెవరో కాదు. ఒకరోజు బొమ్మల చార్టులో కుండ చూపించి ‘ఇందులో ఏముంది?’ అని అడిగాను. మాట్లాడలేదు. అంతలో మధ్యాహ్న భోజనం దగ్గర వంటకు సాయం చేసే వాళ్ల అమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల ‘యాడీ!’ అంటూ లేచింది. కుండ బొమ్మ చూపిస్తూ గుక్క తిప్పుకోకుండా ఏదేదో చెప్పింది. ‘పాణి’ అన్నది నాకు అర్థమైంది. మిగతాది అర్థం కాలేదు. వాళ్ల అమ్మను అడిగితే చెప్పింది: ‘కుండలో నీళ్లు సగమే ఉన్నాయి, అడుగున చిల్లి ఉన్నట్టుంది, కింద తడి గీశారు’ అంటోందట. నేను ఆ చార్టు నాలుగేళ్లుగా గోడకు తగిలించి చూపిస్తున్నాను. కింద తడి గీశారన్న సంగతి నేను ఎన్నడూ గమనించలేదు.

ఇప్పుడు చెప్పండి. వెనకబడింది ఎవరు?

ఆ మర్నాటి నుంచి ఆ తల్లి దగ్గర లంబాడీ మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆ పాప ‘సార్, పాణి తాగి వస్తాను’ అనేది. ఒక వాక్యంలో రెండు భాషలు. తోటి ఉపాధ్యాయులు ‘చూశారా, కలగాపులగం అయిపోయింది, తికమక పడుతోంది’ అన్నారు. తికమక పడితే వాళ్ల అమ్మతో కూడా అలాగే మాట్లాడాలి కదా? అమ్మ కనబడగానే మొత్తం లంబాడీలోకి మారిపోయేది. నా వైపు తిరగగానే తెలుగు. ఎవరికి ఏ భాష తెలుసో చూసి మాట మార్చుకోవడం ఆరేళ్ల పిల్లకు వచ్చు. తెలియని మాట దగ్గర తెలిసిన మాట వేసుకుంటుంది, అంతే. మనం తెలుగులో ‘బస్సు’, ‘దవాఖానా’, ‘జవాబు’ అనడం లేదా? మనకెవరైనా తికమక అన్నారా?

ఈ తికమక భయం మనది మాత్రమే కాదు. 1923లో బ్రిటన్‌లోని వేల్స్‌లో సేర్ అనే ఆయన పిల్లలకు తెలివి పరీక్షలు పెట్టాడు. పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకు మార్కులు తక్కువ వచ్చాయి. దాంతో రెండు భాషలు బుర్రను మందగింపజేస్తాయన్న మాట లోకమంతా పాకింది. కానీ అదే పరిశీలనలో పట్నం పిల్లల దగ్గర ఆ తేడా లేదు. పల్లె పిల్లల పేదరికం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నలభై ఏళ్లు ఆ మాట నడిచింది! 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పదేళ్ల పిల్లలను తీసుకుని, ఒకే స్థాయి కుటుంబాల వాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాళ్లే ముందున్నారు. దాని మీద కూడా ఆక్షేపణ వచ్చింది, చురుకైనవాళ్లే రెండో భాష నేర్చి ఉంటారు కదా అని. న్యాయమైన ఆక్షేపణే.

అందుకే నాకు అన్నిటికంటే మన దేశంలోనే జరిగిన ఒక పని ఎక్కువ నచ్చుతుంది. ఒడిశాలోని కంధమాల్‌లో కోందులు ఉంటారు. వాళ్ల భాష కుయి. కొన్ని ఊళ్లలో కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు. కొన్ని ఊళ్లలో కుయి పోయింది, ఒడియా మాత్రమే మిగిలింది. అజిత్ మహంతి గారు ఆ పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించారు. అదే తెగ, అదే పేదరికం, అవే కొండలు. తేడా భాషలో మాత్రమే. సొంత భాష నిలుపుకుని ఒడియా కూడా నేర్చిన పిల్లలు భాష గురించి ఆలోచించడంలోనూ, తెలివి పరీక్షల్లోనూ ముందున్నారు. ఒడియా ఒక్కటే మిగిలినవాళ్లు వెనకబడ్డారు. ఇది మళ్లీ చెబుతాను. సొంత భాష వదిలేసినందువల్ల బడి భాషలో వాళ్లకు కలిసివచ్చింది ఏమీ లేదు.

భాష గురించి ఆలోచించడం అంటే ఏమిటి? ఇంటికి వెళ్లి మీ పిల్లలతో ఈ ఆట ఆడండి. ‘ఈ రోజు నుంచి ఆవును కుక్క అని పిలుద్దాం. సరేనా? ఇప్పుడు ఆ కుక్క పాలిస్తుందా?’ అని అడగండి. చిన్న పిల్లలు ‘ఛీ, కుక్క పాలు మనం తాగం’ అంటారు. పేరూ వస్తువూ వాళ్లకు ఒకటే. 1972లో దక్షిణాఫ్రికాలో ఇలాంటి ప్రశ్నలే అడిగి చూశారు. ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరిగిన పిల్లలు, పేరు మార్చుకోవచ్చులే అని ఒప్పుకోవడం ఎక్కువగా కనబడింది. ఎందుకు కనబడదు? నీళ్లను ఇంట్లో పాణి అంటారు, బడిలో నీళ్లు అంటారు, పుస్తకంలో వాటర్ అని ఉంటుంది. తాగేది మాత్రం ఒకటే. పేరు మనుషులు పెట్టుకున్నదని ఆ బిడ్డకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ అట్ట చూడండి. ఆకుపచ్చ రంగుతో ఒక మాట రాశాను. మాట చదవకండి, రంగు చెప్పండి. త్వరగా! చూశారా, సగం మంది ‘ఎరుపు’ అన్నారు. రాసిన మాట ఎరుపు, రాసిన రంగు ఆకుపచ్చ. నోటి దాకా వచ్చిన మాటను ఆపి రంగు చెప్పాలి. రెండు భాషలు వచ్చినవాళ్ల బుర్రలో రెండూ మేలుకునే ఉంటాయి, మాట్లాడేటప్పుడల్లా ఒకదాన్ని ఆపి ఉంచాలి, ఆ సాధన వల్ల ఇలాంటి పనుల్లో వాళ్లకు పట్టు వస్తుందని టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ గారు చెప్పారు. ఈ మాట పేపర్లలో బాగా వచ్చింది. కానీ మీకు సగం కథ చెప్పి పంపించను. 2018లో పెద్దవాళ్ల మీద జరిగిన 152 పరిశీలనలను కలిపి లెక్క కట్టినప్పుడు ఆ లాభం దాదాపు మిగల్లేదు. తేడా కనబడిన పరిశీలనలే ఎక్కువగా అచ్చుకెక్కాయన్న విమర్శ కూడా ఉంది. కాబట్టి రెండు భాషలు నేర్పితే బుర్ర పాదరసంలా పనిచేస్తుందని ఎవరైనా మీ దగ్గర అదనంగా ఫీజు అడిగితే, ఇవ్వకండి.

మరి ముసలితనం సంగతి? ఇది మన హైదరాబాదు సంగతి, కాస్త ఆగి చెబుతాను. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారు, ఆమె తోటివాళ్లు మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో వివరాలు ప్రచురించారు. వాళ్లలో 391 మందికి రెండు గాని, అంతకు మించి గాని భాషలు వచ్చు. ఒక్క భాష వాళ్లకంటే వీళ్లకు జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. ఇంతకుముందు కెనడాలో కూడా ఇలాంటి తేడా కనబడింది. కానీ అక్కడ రెండు భాషల వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లనా, వలస వల్లనా అని సందేహం. హైదరాబాదులో ఆ చిక్కు లేదు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడతారు. ఇంకొకటి. బడి మొహం చూడనివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. అంటే, పెద్దాయనా, మీ గాజుల దుకాణం ఉర్దూ కూడా లెక్కలోకి వచ్చింది! రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనబడలేదు. ఇక్కడ కూడా ఒక మాట చెప్పాలి. జబ్బు రాకముందు నుంచే వృద్ధులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన కొన్ని విదేశీ పరిశీలనల్లో ఈ తేడా కనబడలేదు. వాదన ఇంకా నడుస్తోంది. 2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. జబ్బు తరువాత ఆలోచన చెక్కుచెదరకుండా మిగిలినవాళ్లు రెండు భాషల వాళ్లలో నూటికి నలభై మంది, ఒక్క భాష వాళ్లలో ఇరవై మంది లోపు.

సరే, బుర్ర సంగతి చాలు. బడికి వద్దాం. నాకు కడుపు మండేది అక్కడే.

ఏడో తరగతి. లెక్కల సారు సెలవు పెడితే నేను వెళ్లాను. పుస్తకంలో ఇంగ్లీషులో లెక్క: లక్ష్మి దగ్గర 12 మామిడిపళ్లు, రవి దగ్గర 7. లక్ష్మి దగ్గర ఎన్ని ఎక్కువ? ఒక అబ్బాయి చకచకా పలక మీద 19 వేశాడు. ఎందుకు కూడావు అని అడిగాను. ‘మోర్’ అని ఉంది కదా సార్, ‘మోర్’ అంటే కూడాలి’ అన్నాడు. పక్కనున్నవాళ్లూ అంతే. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై మందికి పైగా 19 వేశారు. అదే లెక్క తెలుగులో చెప్పాను. ‘రవి కంటే లక్ష్మి దగ్గర ఎన్ని ఎక్కువ ఉన్నాయిరా?’ ఆ అబ్బాయి పలక వైపు కూడా చూడలేదు. ‘ఐదు’ అన్నాడు. వాడికి తీసివేత రాదా? వచ్చు. ఒకటో తరగతి నుంచే వచ్చు. కానీ ఏడేళ్లుగా వాడు పాఠం అర్థం చేసుకోవడం మానేశాడు. ఏ మాట కనబడితే ఏ గుర్తు వేయాలో కంఠతా పట్టాడు. మార్కుల జాబితాలో వాడి పేరు పక్కన ‘లెక్కల్లో బలహీనం’ అని ఉంటుంది. ఇంగ్లీషులో బలహీనం అని ఎవరూ రాయరు. ఎందుకంటే ఇంగ్లీషు పద్యాలు గడగడా ఒప్పజెబుతాడు కదా!

ఇక్కడే అమ్మలు మోసపోతారు. ‘మా వాడు ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు సార్’ అంటారు. కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే ఆయన వలస పిల్లలను చూసి చెప్పిన సంగతి ఇది. ఆడుకోవడానికి, పలకరించుకోవడానికి సరిపడే భాష సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి, అర్థం చేసుకుని, సొంతంగా రాసే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అది కూడా ఎక్కడ? వీధిలో, దుకాణంలో, టీవీలో అంతటా ఇంగ్లీషు వినబడే దేశంలో. మన పిల్లలకు ఇంగ్లీషు వినబడేది ఎక్కడ? బడిలో, అది కూడా సగం. ఆ ఐదేళ్లలో లెక్కలు ఆగవు, సైన్సు ఆగదు. అవన్నీ అర్థం కాకుండానే తల మీది నుంచి వెళ్లిపోతాయి.

అయితే ఆ అబ్బాయికి తెలుగులో ‘ఎక్కువ, తక్కువ’ తెలుసు కదా. ఆ తెలివి వృథా కాదు. ఒక భాషలో పట్టుకున్న లెక్క ఇంకో భాషలోకి నడిచి వస్తుంది. ఇంగ్లీషు మాట ఒక్కటి నేర్పితే చాలు. తీసివేత మళ్లీ నేర్పనక్కరలేదు. నేను ఆ రోజు బోర్డు మీద తెలుగు వాక్యం రాసి, దాని కిందే ఇంగ్లీషు వాక్యం రాసి, మాటకు మాట గీత గీశాను. వారం రోజులు అలా చేశాక 19 వేసేవాళ్లు నలుగురే మిగిలారు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఉపాధ్యాయ మిత్రులారా, చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ తెలుగు పేజీని అతికించేయకండి, దాటేయకండి. ముందు తెలుగు పేజీ చదివించి, తరువాత ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. తండాల బడుల్లో అయితే తెలుగు పేజీకి ముందు ఒక లంబాడీ మాట కూడా కావాలి. అది పుస్తకంలో లేదు, మీ నోట రావాలి.

మన జిల్లాకు ఈ కథ కొత్త కాదు. మా నాన్న నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఆయనకు ఎనభై దాటాక కూడా కల్లంలో వడ్ల బస్తాలు లెక్కపెడితే ‘ఏక్, దో, తీన్’ అనే వచ్చేది. లెక్క ఏ భాషలో నేర్చారో ఆ భాషలోనే ఉండిపోయింది. ఆయన రెండు భాషల మనిషి, హాయిగా బతికారు. కానీ ఆయన మాటల్లో ఎప్పుడూ ఇంకొక మాట వచ్చేది. ఆయనతో ఒకటో తరగతిలో చేరిన వాళ్లలో చాలామంది బడి మానేశారు. భాష అర్థం కాక. వాళ్ల గురించి మనం చెప్పుకోం.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే అక్కడివాళ్లు గోల చేసి ఆయనను కూర్చోబెట్టేశారు. ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. మరుసటి ఏడాదే, 1922లో, ఈ నల్లగొండలోనే నీలగిరి పత్రిక మొదలైంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1931లో మన దేవరకొండలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావు గారు. వీళ్లెవరికీ ఉర్దూ మీద ద్వేషం లేదు. బూర్గుల వారు ఫారసీ కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చినవారు. ఉర్దూ ఉండనీ, మా తెలుగును ఎందుకు నోరు మూయిస్తారని వాళ్లు అడిగారు. నేను ఈ రోజు ఇంగ్లీషు గురించి అదే అడుగుతున్నాను. లంబాడీ తల్లులు మన తెలుగు గురించి అదే అడిగితే, మనం ఏమని జవాబు చెబుతాం?

నోరు మూయించడం అంటే పాత రోజుల సంగతి అనుకోకండి. ఈ మధ్య ఒక బడిలో తెలుగులో మాట్లాడిన పిల్లవాడికి పది రూపాయలు జరిమానా వేశారు. వాడు మా పక్కింటివాడే. ఆ రోజు నుంచి వాళ్ల నాయనమ్మతో మాట్లాడటం తగ్గించాడు. ఇంట్లో తెలుగు మాట్లాడితే బడిలో అలవాటుగా నోట వచ్చేస్తుందని భయం. ఆమె నన్ను అడిగింది, ‘మనవడు నా మీద అలిగాడా?’ అని. ఆమెకు నేను ఏం చెప్పాలి?

ఇంకో వైపు కూడా ఉంది. ముంబై వలస వెళ్లిన కుటుంబాల్లో పిల్లలకే ముందు హిందీ వస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది అమ్మకు చెప్పాల్సింది ఆ పిల్లే. తొమ్మిదేళ్ల బిడ్డ అమ్మ కడుపులో గడ్డ ఉందన్న మాటను ఒక భాషలో విని ఇంకో భాషలో చెప్పాలి. ఆ బిడ్డ తెలివికి మనం మురిసిపోతాం గాని, ఆ బరువు గురించి అడగం.

ఇక ఇంటి సంగతి, త్వరగా ముగిస్తాను, దేవరకొండ బస్సు ఎక్కాల్సినవాళ్లు ఉన్నారు. రెండు భాషల బిడ్డకు ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువగా ఉండొచ్చు, రెండూ కలిపి లెక్కపెట్టండి, కంగారు పడకండి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని బడివాళ్లు చెబితే, మీకు రాని భాషలో మాట్లాడకండి. మీ నోట అప్పుడు ‘కమ్, గో, సిట్’ తప్ప ఇంకేం వస్తుంది? మీ భాషలో అయితే పొలం గురించి చెబుతారు, చుట్టాల గురించి చెబుతారు, నిన్న వాన ఎందుకు కురవలేదో చెబుతారు. ‘ఎందుకు’ అని పిల్లవాడు అడిగేది ఆ భాషలోనే. మీరు ఆ జవాబులు ఇవ్వండి. ఇంగ్లీషు బాగా నేర్పే పూచీ మా ఉపాధ్యాయులది, దానికి మమ్మల్ని నిలదీయండి.

అదిగో, చివరి వరసలో ఒక అమ్మ చాలాసేపటి నుంచి చేయి ఎత్తి దించుతున్నారు. అడగండమ్మా. తెలుగు రాదని సిగ్గుపడకండి. లంబాడీలోనే అడగండి, నాకు అర్థమవుతుంది. మీ పాపను నిలబెట్టకండి, ఇక్కడున్న వాళ్లందరికీ తెలుగులో నేను చెబుతాను.